డిప్లాయ్‌మెంట్ డయాగ్రమ్: యూఎంఎల్‌లో కాంపొనెంటుకూ నోడుకూ ఉన్న చుట్టరికం

సాఫ్ట్‌వేర్‌లోని ఏ భాగం ఏ యంత్రం మీద నడుస్తుంది, ఆ యంత్రాలు ఒకదానితో ఒకటి ఏ దారిన మాట్లాడుకుంటాయి అనే రెండు ప్రశ్నలకు జవాబుగా గీసే యూనిఫైడ్ మోడలింగ్ లాంగ్వేజ్ (యూఎంఎల్) చిత్రాన్ని డిప్లాయ్‌మెంట్ డయాగ్రమ్ అంటారు. యూఎంఎల్ 2.5లో ఉన్న 14 రకాల చిత్రాల్లో ఊరూ పేరూ అడిగేది ఇదొక్కటే. క్లాస్ డయాగ్రమ్‌కు యంత్రంతో పని లేదు, యూజ్‌కేస్ డయాగ్రమ్‌కు అసలే లేదు. ఇక్కడ మాత్రం హైదరాబాద్‌లోని సర్వరు, మంచిర్యాల జిల్లా జన్నారంలోని కంప్యూటరు, ఆ రెంటి మధ్య లైను మూడూ కాగితం మీదికి రావాలి.

మంచిర్యాల జిల్లాలోనే కాదు, ఎక్కడ ఏ ఆన్‌లైన్ కౌంటరు ముందు నిలబడ్డా ఎప్పుడో ఒకప్పుడు "సర్వర్ పనిజేస్తలేదు, రేపు రాండ్రి" అనే మాట చెవినపడుతుంది. అన్నవారికీ విన్నవారికీ సర్వర్ అంటే ఒకే వస్తువు. నిజానికి ఆగింది కౌంటరులోని ప్రింటరు కావచ్చు, ఊరికొచ్చే లైను కావచ్చు, డేటా సెంటరులో అప్లికేషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ కావచ్చు, దాని వెనకున్న డేటాబేసు కావచ్చు, ఇంకెక్కడో ఉన్న వేరే శాఖ యంత్రం కావచ్చు. ఆ ఒక్క మాటను విప్పి, ఏ పెట్టె ఆగింది, ఏ గీత తెగింది అని వేలు పెట్టి చూపించడానికి పనికొచ్చే చిత్రం ఇది.

మూడు పాత్రలు

కాంపొనెంటు, ఆర్టిఫాక్టు, నోడు. ఈ చిత్రంలో పాత్రలు ఈ మూడే. ముందుగా కాంపొనెంటు. అది చేసే పనికి పెట్టిన పేరు: 'దరఖాస్తుల నమోదు', 'డిజిటల్ సంతకం', 'రుసుము వసూలు'. ఇతరులకు ఏ సేవ ఇస్తుందో, ఇతరుల నుంచి ఏ సేవ కోరుతుందో చెప్పుకుంటుంది తప్ప తానెక్కడ ఉందో చెప్పదు. దీర్ఘచతురస్రంలో కుడివైపు పైమూలన రెండు చెవులున్న చిన్న పెట్టె గుర్తు దీనికి ఆనవాలు. ఆర్టిఫాక్టు అంటే చేతికి దొరికే ఫైలు. వార్ ఫైలు, జార్ ఫైలు, డీఎల్ఎల్, కాన్ఫిగరేషన్ ఫైలు, డేటాబేసు స్క్రిప్టు అన్నీ ఆర్టిఫాక్టులే. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయగలిగితే అది ఆర్టిఫాక్టు అనుకుంటే దాదాపు సరిపోతుంది. నోడు అంటే ఆ ఫైలును మోసి నడిపించేది. మూడు ముఖాలు కనబడే పెట్టెగా గీస్తారు.

నోడ్లలో రెండు రకాలను యూఎంఎల్ విడిగా గుర్తిస్తుంది. ముట్టుకోగలిగిన యంత్రమైతే పేరు పైన «డివైస్» అని రాస్తారు. ఆ యంత్రంలో నడుస్తూ ఇతర ప్రోగ్రాములకు చోటిచ్చే సాఫ్ట్‌వేర్ అయితే «ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్» అని రాస్తారు. ఆపరేటింగ్ సిస్టమ్, టామ్‌క్యాట్ లాంటి అప్లికేషన్ సర్వరు, డేటాబేసు ఇంజను రెండో రకం కిందికి వస్తాయి. పెట్టెలో పెట్టె గీయవచ్చు. సర్వరు యంత్రంలో లినక్స్, లినక్స్‌లో టామ్‌క్యాట్, టామ్‌క్యాట్‌లో వార్ ఫైలు.

కాంపొనెంటు ఎందుకు నేరుగా నోడు మీద కూర్చోదో అర్థం కావడానికి సింగరేణి ప్రాంతం వారికి దూరం పోనక్కర్లేదు. ఫిట్టర్ అనేది ఒక హోదా. బాయిలో (గనిలో) దిగేది హోదా కాదు, ఆ హోదా ఉన్న మనిషి. కాంపొనెంటు హోదా, ఆర్టిఫాక్టు మనిషి, నోడు బాయి. ఒకే హోదాలో ఎందరో మనుషులుంటారు, వేర్వేరు బాయిల్లో దిగుతారు. ఒక్క కాంపొనెంటుకు నాలుగు ఫైళ్లు ఉండవచ్చు, ఒకే ఫైలు రెండు కాంపొనెంట్ల పని చేయవచ్చు, అదే ఫైలు ఇరవై యంత్రాల మీద ఉండవచ్చు.

గీతలూ బాణాలూ

కాబట్టి కాంపొనెంటుకూ నోడుకూ ఉన్నది ఒక సంబంధం కాదు, రెండు సంబంధాల గొలుసు. ఆర్టిఫాక్టు నుంచి కాంపొనెంటు వైపు తెగిన గీతల బాణం వేసి «మానిఫెస్ట్» అని రాస్తే, ఈ ఫైలు ఆ కాంపొనెంటుకు రూపం అని అర్థం. ఆర్టిఫాక్టు నుంచి నోడు వైపు అలాంటి బాణమే వేసి «డిప్లాయ్» అని రాస్తే, ఈ ఫైలును ఆ యంత్రం మీద పెట్టారని అర్థం. రెండు బాణాలూ ఫైలు దగ్గరే మొదలవుతాయి. మొదటిది పనివైపు చూస్తుంది, రెండోది చోటువైపు చూస్తుంది. పరీక్ష పేపర్లలో మొదటి బాణం తలకిందులవుతూ ఉంటుంది. కాంపొనెంటు నుంచి ఫైలుకు గీసేస్తారు.

«డిప్లాయ్» బాణం ఒక్కటే దారి కాదు. ఆర్టిఫాక్టును నోడు పెట్టె లోపలే గీయవచ్చు. చోటు చాలకపోతే పెట్టెలో ఫైళ్ల పేర్లు వరుసగా రాసి వదిలేయవచ్చు. మూడింటికీ అర్థం ఒకటే. చిన్న చిత్రంలో లోపల గీయడమే చూడముచ్చటగా ఉంటుంది. ఒకే ఫైలు చాలా యంత్రాల మీదికి వెళ్లేటప్పుడు మాత్రం బాణాలు నయం, లేకపోతే అదే ఫైలును పదిచోట్ల గీయాల్సి వస్తుంది. ఫైలుతో పాటు పోర్టు నంబరు, మెమరీ పరిమితి లాంటి అమరికలు చెప్పాలంటే వాటికి డిప్లాయ్‌మెంట్ స్పెసిఫికేషన్ అనే వేరే చీటీ ఉంది. వాడేవాళ్లు తక్కువ.

నోడుకూ నోడుకూ మధ్య గీసే నిండు గీత పేరు కమ్యూనికేషన్ పాత్. దాని మీద «హెచ్‌టీటీపీఎస్» అనో «యూఎస్‌బీ» అనో రాస్తే ఏ పద్ధతిలో మాట్లాడుకుంటున్నాయో తెలుస్తుంది. చివర్లలో అంకెలు వేస్తే ఎన్నింటికి ఎన్ని అనేది తెలుస్తుంది. మంచిర్యాల జిల్లాలో 18 మండలాలున్నాయి. మండలానికో తహసీల్దారు కార్యాలయం అనుకుంటే డేటా సెంటరు కొసన 1, కార్యాలయ కంప్యూటరు కొసన 18 పడతాయి. కౌంటర్ల సంఖ్య మారుతూ ఉంటుంది గనుక అక్కడ 1..* (ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ) చాలు. రకాన్ని కాక ఫలానా యంత్రాన్నే చూపాలంటే పేరు ముందు పెట్టి, కోలన్ తరవాత రకం రాసి, మొత్తానికీ కింద గీత గీయాలి. 'మండల కార్యాలయ పీసీ' అనేది రకం. 'చెన్నూరు : మండల కార్యాలయ పీసీ' అని కింద గీత ఉంటే, అది చెన్నూరులో బల్ల మీదున్న ఆ ఒక్క కంప్యూటరు.

గందరగోళం ఎక్కడి నుంచి వచ్చింది

అనుభవమున్న ఇంజినీర్లు కూడా కాంపొనెంటును నేరుగా నోడులో గీయడం చూస్తాం. తప్పు వారిది కాదు, చరిత్రది. యూఎంఎల్ రూపకర్తల్లో ఒకరైన గ్రేడీ బూచ్ అంతకుముందు తన పద్ధతిలో యంత్రాలను చూపడానికి ప్రాసెస్ డయాగ్రమ్ అనే చిత్రం వాడేవారు. లెక్క చేయగలిగినది ప్రాసెసర్, చేయలేనిది డివైస్. ఆ పెట్టెలే తరవాత యూఎంఎల్ నోడ్లయ్యాయి. 1995లో ఫిలిప్ క్రుక్టెన్ 'ఐఈఈఈ సాఫ్ట్‌వేర్' పత్రికలో, ఒక వ్యవస్థను నాలుగు కోణాల నుంచి చూపి, వాటిని సన్నివేశాలతో ముడివేయాలని ప్రతిపాదించారు. ఆ నాలుగింటిలో భౌతిక కోణానికి సరిపడే చిత్రం ఇదే. బూచ్, జేమ్స్ రంబా, ఐవార్ యాకబ్సన్‌ల పద్ధతులు కలిసి పుట్టిన యూఎంఎల్‌ను ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ 1997 నవంబరులో ప్రమాణంగా తీసుకుంది.

ఆ మొదటి యూఎంఎల్‌లో కాంపొనెంటు అంటే అచ్చంగా ఫైలే. ఎగ్జిక్యూటబుల్, లైబ్రరీ, టేబుల్, డాక్యుమెంట్ అన్నీ కాంపొనెంట్ రకాలుగానే ఉండేవి. అందువల్ల దాన్ని నోడులో గీయడం అప్పటి వ్యాకరణం ప్రకారం ఒప్పే. 2005లో వచ్చిన యూఎంఎల్ 2.0 ఆ ఒక్క మాటను పూర్తిగా రెండుగా చీల్చింది. పని కాంపొనెంటుకు, ఫైలు ఆర్టిఫాక్టుకు పంచింది. ప్రమాణం మారినంత తొందరగా ల్యాబులు మారవు. జేఎన్‌టీయూ విద్యార్థుల ఒక తరం యూఎంఎల్‌ను రేషనల్ రోజ్ అనే సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకుంది. రోజ్ డిప్లాయ్‌మెంట్ వ్యూలో దొరికేవి బూచ్ కాలం నాటి ప్రాసెసర్, డివైస్ పెట్టెలే. ఆర్టిఫాక్టు గుర్తు కోసం వెతికినా కనబడదు. ఏటీఎం, లైబ్రరీ, రైల్వే రిజర్వేషన్ అనే మూడు ఉదాహరణలతో రికార్డు పుస్తకాలు నింపిన ఆ విద్యార్థులు ఉద్యోగాల్లో చేరాక కూడా ఆ అలవాటే వెంట తీసుకెళ్లారు. ఇప్పుడు అమల్లో ఉన్నది 2017 డిసెంబరులో వెలువడిన 2.5.1.

కాంపొనెంటును నోడులో గీస్తే ఆకాశం విరిగిపడదు. తెల్లబోర్డు మీద పది నిమిషాల చర్చకు అది చాలు. చిక్కు వచ్చేది ఒకే పనికి సంబంధించిన ఫైళ్లు రెండు ఊళ్లలో ఉన్నప్పుడు.

ఒక సర్టిఫికెట్ ప్రయాణం

ఆ చిక్కుకు, ప్రభుత్వ సేవలను కౌంటర్లలో అందించే మీసేవ మంచి ఉదాహరణ. 2001లో మొదలైన ఈసేవకు కొనసాగింపుగా 2011 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మీసేవ మొదలైంది. రాష్ట్ర విభజన తరవాత తెలంగాణలోనూ నడుస్తోంది. ఇందులో సేవలు రెండు తరగతులు. అప్పటికే డిజిటల్ సంతకమైన రికార్డు నుంచి అక్కడికక్కడే ఇచ్చేవి 'ఎ' తరగతి, అధికారి విచారించి ఆమోదించాల్సినవి 'బి' తరగతి. కింద వివరించే చిత్రం పాఠం కోసం సరళం చేసి గీసుకున్నది, అధికారిక నమూనా కాదు.

బెల్లంపల్లిలో ఒకరు ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టారనుకుందాం. కాంపొనెంట్ డయాగ్రమ్‌లో చూస్తే కథ చిన్నది. 'దరఖాస్తుల నమోదు', 'విచారణ, ఆమోదం', 'డిజిటల్ సంతకం', 'ధ్రువపత్రాల భండారం' అనే నాలుగు పెట్టెలు, వాటి మధ్య ఇచ్చే సేవ, కోరే సేవ కలిసే చోట గుండ్రటి తలకు అర్ధచంద్రం తగిలించిన ముడులు. సంతకం కాంపొనెంటు భండారం పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. ఒకే యంత్రంలో ఉన్నాయేమో అనిపిస్తుంది కూడా.

డిప్లాయ్‌మెంట్ డయాగ్రమ్ గీయబోతే అసలు దూరం బయటపడుతుంది. కౌంటరులోని పీసీ ఒక నోడు, దానికి యూఎస్‌బీ గీతతో తగిలిన ప్రింటరు మరో నోడు. కౌంటరు పీసీలో ఉండేది బ్రౌజరు మాత్రమే. నమోదు కాంపొనెంటు తాలూకు ఫైలు దాదాపు 250 కిలోమీటర్ల అవతల, హైదరాబాద్ డేటా సెంటరులోని అప్లికేషన్ సర్వరు మీద ఉంటుంది. భండారం దాని పక్కనున్న డేటాబేసు సర్వరు మీద ఉంటుంది. గిర్దావరు (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) విచారణ ముగిసి దరఖాస్తు తహసీల్దారు లాగిన్‌లోకి వచ్చాక సంతకం ఎక్కడ పడుతుంది? హైదరాబాద్‌లో కాదు. మండల కార్యాలయంలో ఆ అధికారి పీసీకి గుచ్చిన డాంగిల్‌లో.

ఆ డాంగిల్‌ను కాస్త దగ్గరగా చూడాలి. బొటనవేలంత ఉంటుంది. చూడ్డానికి పెన్‌డ్రైవే. లోపల చిప్పు ఉంటుంది, ఆ చిప్పులో అధికారి ప్రైవేటు కీ ఉంటుంది. ఆ కీ చిప్పు దాటి బయటికి రాదు. సంతకం చేయాల్సిన పత్రం తాలూకు సంక్షిప్త రూపమే లోపలికి వెళ్లి, పిన్ నంబరు సరిపోలితే సంతకమై తిరిగొస్తుంది. తనంతట తాను లెక్క చేస్తుంది కాబట్టి యూఎంఎల్ లెక్కలో డాంగిల్ అనుబంధ వస్తువు కాదు, సొంత హక్కు మీద నోడు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన గుర్తింపు ఇచ్చింది. ఆ చట్టబద్ధత అంతా ఆచరణలో ఈ చిన్న పెట్టె మీద ఆనుకుని ఉంది.

ఇప్పుడు 'డిజిటల్ సంతకం' అనే ఒక్క కాంపొనెంటుకు ఎన్ని ఆర్టిఫాక్టులో లెక్కిద్దాం. పత్రాన్ని సిద్ధం చేసి పంపే భాగం డేటా సెంటరు సర్వరు మీద ఒక ఫైలు. డాంగిల్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రాము తహసీల్దారు పీసీ మీద ఒక ఫైలు. డాంగిల్ డ్రైవరు అదే పీసీ మీద ఇంకో ఫైలు. కాంపొనెంటు ఒకటి, ఫైళ్లు మూడు, ఊళ్లు రెండు. దీన్ని కాంపొనెంటుగానే ఒక నోడులో గీయాల్సి వస్తే ఏ నోడులో గీస్తాం? హైదరాబాద్‌లో గీస్తే డాంగిల్ మాయమవుతుంది, బెల్లంపల్లిలో గీస్తే సర్వరు భాగం మాయమవుతుంది. మధ్యలో ఆర్టిఫాక్టు ఉండాలని 2.0 పట్టుబట్టింది ఇలాంటి చోట్ల కోసమే.

ఈ చిత్రం చేతిలో ఉంటే "సర్వర్ పనిజేస్తలేదు" అనే మాటకు అర్థాలు విడివడతాయి. పాత డ్రైవరు వల్ల ఒక్క మండలంలో సంతకాలు ఆగితే, మిగతా 17 చోట్ల పని సాగుతూనే ఉంటుంది. సంతకమైన పత్రం భండారంలోకి చేరాక డాంగిల్ పాడైనా కౌంటరులో ప్రింటు వస్తుంది. అప్లికేషన్ సర్వరు నిలిస్తే అందరికీ నిలుస్తుంది.

ముడి నేరుగా ఉన్నా దారి నేరుగా ఉండదు

కాంపొనెంట్ల మధ్య ముడికీ నోడ్ల మధ్య దారికీ తేడా రేషన్ షాపులో ఇంకా బాగా తెలుస్తుంది. డీలరు దగ్గరున్న ఈపాస్ మిషన్ మీద వేలు పెట్టగానే పని మొదలవుతుంది. కాంపొనెంట్ డయాగ్రమ్‌లో 'లబ్ధిదారు గుర్తింపు'కు 'ఆధార్ ధ్రువీకరణ' సేవ కావాలి, అంతే, ఒక ముడి. దాన్ని చూసి మిషన్ నుంచి ఆధార్ కేంద్ర భండారానికి నిండు గీత లాగితే పెద్ద తప్పు. ఆధార్‌ను నిర్వహించే విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ డేటా సెంటర్లు బెంగళూరులోనూ, హరియాణాలోని మానేసర్‌లోనూ ఉన్నాయి. ఏ షాపు మిషనూ వాటితో నేరుగా మాట్లాడదు. వేలిముద్ర వివరాలు మిషన్ దగ్గరే సంకేతభాషలోకి మారి, ముందు ఏయూఏ అనే అభ్యర్థన సంస్థ సర్వరుకు, అక్కడి నుంచి ఏఎస్‌ఏ అనే అనుసంధాన సంస్థకు, దాని భద్రమైన లైను మీదుగా కేంద్ర భండారానికి వెళ్తాయి. అవును లేదా కాదు అన్న జవాబు అదే దారిన వెనక్కి వస్తుంది.

చిత్రంలో ఇది నాలుగు నోడ్లు, మూడు గీతలు. ముడి ఒకటే. డిప్లాయ్‌మెంట్ డయాగ్రమ్‌ను సరిచూడడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా గట్టి పరీక్ష లేదు: కాంపొనెంట్ డయాగ్రమ్‌లోని ప్రతి ముడినీ తీసుకుని, దానికిటూ అటూ ఉన్న ఫైళ్లు ఏ నోడ్ల మీద ఉన్నాయో చూసి, ఆ నోడ్ల మధ్య నడిచి వెళ్లడానికి దారి ఉందా అని వేలితో వెతకాలి. దారి లేకపోతే చిత్రమైనా తప్పై ఉండాలి, వ్యవస్థైనా నడవనిదై ఉండాలి. ఈ తనిఖీ చేయమని ప్రమాణం ఎవరినీ బలవంతపెట్టదు. చాలా సాఫ్ట్‌వేర్లు కూడా పట్టించుకోవు.

2019 ఆగస్టు 9న 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' పథకంలో భాగంగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఒక జంటగా, గుజరాత్, మహారాష్ట్ర మరో జంటగా కార్డు చెల్లుబాటును పంచుకోవడం మొదలుపెట్టాయి. డీలరు బల్ల మీద మిషన్ అదే, బియ్యం అవే. మార్పంతా వెనక, ఒక రాష్ట్రం లావాదేవీ మరో రాష్ట్రం లెక్కలోకి చేరడానికి కావలసిన దారుల్లో ఉంది. గీత ఒకటి చేరితే చాలు, పథకం స్వరూపమే మారిపోతుంది.

మబ్బులూ గనులూ

క్లౌడ్ వచ్చాక ఈ చిత్రానికి కాలం చెల్లిందని కొందరంటారు. సగమే నిజం. 2013లో వచ్చిన డాకర్, 2014లో వచ్చిన కుబర్నెటిస్ అనే కంటెయినర్ సాఫ్ట్‌వేర్ల వల్ల యంత్రాలు నిమిషాల్లో పుట్టి నిమిషాల్లో పోతున్నాయి. ఫలానా యంత్రం అని పేరు పెట్టి కింద గీత గీసే అవకాశం తగ్గింది. కానీ కంటెయినరు కూడా పెట్టెలో పెట్టే. యంత్రం, దానిలో కంటెయినర్లను నడిపే ఇంజను, దానిలో కంటెయినరు, దానిలో ఫైలు. రకాలు గీసి, పెరిగే తరిగే చోట 1..* వేస్తే సరిపోతుంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తెరిచిన క్లౌడ్ రీజియన్‌లో మూడు అవైలబిలిటీ జోన్లున్నాయి. ఒక జోన్‌లో కరెంటు పోతే ఏం మిగులుతుంది అనే ప్రశ్నకు, జోన్లను బయటి పెట్టెలుగా గీసిన చిత్రం చూడగానే జవాబు తడుతుంది.

పూర్తిగా యంత్రాలదే రాజ్యమైన చోట ఈ చిత్రం చాలదు. మంచిర్యాల జిల్లా జైపూర్ మండలంలో సింగరేణి నెలకొల్పిన 1,200 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం లాంటి చోట సెన్సార్లు, కంట్రోలర్లు, కంట్రోలు గది తెరలను నోడ్లుగా గీయగలం. బాయిలరును, బొగ్గు కన్వేయరును మాత్రం ఎలా గీయాలి? అలాంటి వ్యవస్థల కోసం 2007లో వచ్చిన సిస్‌ఎంఎల్ అనే భాష డిప్లాయ్‌మెంట్ డయాగ్రమ్‌నే వదిలేసి, ఏ పనిని ఏ భాగానికి అప్పగించారో చూపే 'అలొకేట్' సంబంధంతో సరిపెట్టుకుంది.

ఇంకో లోటు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. ఈ చిత్రం ఎక్కడ అని చెబుతుంది గానీ ఎవరి చేతిలో అని చెప్పదు. 2020 అక్టోబరు 29న మొదలైన తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి నిర్వహణ 2024లో ప్రైవేటు సంస్థ నుంచి జాతీయ సమాచార కేంద్రానికి మారింది. అలా నిర్వహణ చేతులు మారిన రోజున పెట్టెలు, ఫైళ్లు, గీతలు ఎక్కడివక్కడే ఉన్నా, ఆగినప్పుడు ఫోన్ చేయాల్సిన నంబరు మారిపోతుంది. నోడుకు యజమాని పేరు తగిలించే గుర్తు యూఎంఎల్ సొంతంగా ఇవ్వలేదు. కొత్త స్టీరియోటైపు కల్పించుకోవచ్చు. చాలామంది అంత దూరం పోకుండా నోడు పక్కన మూల మడిచిన నోట్ ఒకటి గీసి, చుక్కల గీతతో కలిపి, అందులో నిర్వహించేవారి పేరు రాసుకుంటారు. ఆర్టిఫాక్టు గుర్తులోనూ మూల మడిచిన కాగితమే ఉంటుంది గనుక, రెండూ ఒకే చిత్రంలో ఉన్నప్పుడు ఫైలు పేరు పైన «ఆర్టిఫాక్ట్» అని రాయడం మరవకూడదు.